పత్తికాయల టోపీ

నమాజులో నిలబడి మనసులో కుట్లు లెక్కపెట్టుకునే మనిషి నమాజు చెల్లుతుందా, చెల్లదా? ఈ అనుమానం నాకు పెళ్లయిన కొత్తలోనే పట్టుకుంది. ఇరవై ఏళ్లుగా ఎవరినీ అడగలేదు. మసీదులో హజరత్ గారిని మా ఇంటాయన చేత అడిగించవచ్చు గానీ, ఆయన నవ్వకుండా అడగలేడు. నేనేమీ కావాలని చేయను. చేతులు కట్టుకుని నిలబడతాను, నోరు సూరా చదువుతూ ఉంటుంది, లోపల ఏదో ఒక మూల నుంచి నలభై రెండు, నలభై మూడు అని మొదలవుతుంది. సజ్దాలో నుదురు నేలకు ఆనించినప్పుడు కూడా, మంచం మీద వదిలి వచ్చిన వరసలో ఇంకా ఎన్ని కుట్లు మిగిలాయో తెలుస్తూనే ఉంటుంది. నమాజు ముగిశాక తప్పు ఒప్పుకుని దువా చేస్తాను. తర్వాతి పూట మళ్లీ అంతే.

మేము ఆళ్లగడ్డలో దూదేకులవాళ్లం. మా ఇంటాయన లాల్ సాహెబ్ పరుపులు, బొంతలు కుడతాడు. ఆయన కనుబొమ్మల మీద ఎప్పుడూ దూది పీచు ఉంటుంది; అది లేకుండా ఆయన్ను చూస్తే ఎవరో అనిపిస్తుంది. మాకు ఒక్కతే కూతురు, హుస్నా. ఇంటరు రెండో సంవత్సరం. నేను చదివింది ఏడో తరగతి, అదీ సగం. ఆ సగంలోనే బళ్లో కుట్టుపని నేర్పే నాగేశ్వరమ్మ టీచరు దగ్గర ఉలెన్ అల్లిక పట్టుకున్నాను. బడి మానినా అది మానలేదు. చుట్టాల పిల్లలకు, మా ఆయనకు, చలికాలం వస్తే ఒకే రంగు టోపీలు, మఫ్లర్లు అల్లుతూ వచ్చాను. దాన్ని ఎవరూ పని అనలేదు, నేనూ అనుకోలేదు.

జూన్‌లో హుస్నా కాలేజీ కాగితం నింపేటప్పుడు తండ్రి వృత్తి దగ్గర పరుపుల వ్యాపారం అని రాసుకున్న గుమాస్తా, తల్లి వృత్తి దగ్గర ఒక అడ్డగీత గీశాడు. "అదేంది నాయనా గీత?" అని అడిగాను. "ఏమీ లేదని, అమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అయినా ఆ గీత నాకు చాలా రోజులు కళ్ల ముందే ఉండిపోయింది.

మొన్నటి చలికాలం సంగతి నేను చెప్పబోయేది. నవంబరులో ఒకరోజు లాల్ సాహెబ్ నంద్యాలకు పోయి, ఆడవాళ్లకు చేతిపనులు నేర్పే ఒక శిక్షణ కేంద్రానికి పన్నెండు పరుపులు దించి వచ్చాడు. వచ్చీ రాగానే చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమే రహమతూ, నువ్వల్లిన టోపీ పెట్టుకోని పోయినందుకు నన్ను ఆపేసినారు."

"ఎవురు, పోలీసోళ్లా?"

"పోలీసోళ్లయితే ఇడిసిపెడుదురు. టీచరమ్మ. నేను పరుపు మోసుకోని పోతాండా, రెండు చేతులూ ఖాళీ లేవు. వచ్చి నెత్తి మీది టోపీ పీకేసింది. తిరగేసి లోపల చూసింది. ఎవురల్లినారప్పా అనింది. మా ఇంట్లోది అంటి. పేరు చెప్తి. ఏడో తరగతిలో సగంలో ఎగరగొట్టి పోయింది, ఆ పిల్లేనా అనింది."

"నాగేశ్వరమ్మ టీచరు ఇంకా ఉందా?"

"ఉందా ఏంది, నన్ను పరుపుతో పాటు గోడకు ఆనిచ్చింది."

విషయం ఇది. టీచరు ఉద్యోగం నుంచి దిగిపోయాక నంద్యాలలోనే ఉంటూ ఆ కేంద్రానికి సాయం చేస్తోంది. జనవరి నుంచి ముప్పై మంది ఆడవాళ్లకు ఉలెన్ అల్లిక నేర్పాలి. నేర్పే మనిషి పది పాసై ఉండాలి, లేదంటే చేతిపని చూపించి మెప్పించాలి. ఇప్పటికే ఇద్దరు సర్టిఫికెట్లతో అడిగిపోయారు. నేను డిసెంబరు ఎనిమిదో తేదీ సోమవారానికి ఒక టోపీ అల్లి తీసుకుపోవాలి. ఒకే రంగు టోపీ కాదు. రెండు రంగుల దారాలు ఒకేసారి నడిపిస్తూ, ముందు బొమ్మ తేలేట్టు అల్లింది కావాలి. అది నేను ఎప్పుడూ అల్లలేదు.

"చేస్తావా?" అన్నాడు.

"రోజూ నంద్యాలకు పోవాలంటే ఇంట్లో పని?"

"బస్సులో ఆడోళ్లకు టికెట్టే లేదు ఇప్పుడు. ఇంట్లో అన్నం నేను దించుతా."

"నాయనా, నువ్వు అన్నం దించితే తినేదెవురు?" అంది హుస్నా లోపలి నుంచి.

నాకు ఆ పని కావాలనిపించింది. అంత గట్టిగా ఏదైనా కావాలనుకుని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. అలా అనుకోవడం ఆశేమో, అహంకారమేమో అని కూడా అనిపించింది. ఆ రాత్రి దువాలో నీ ఇష్టం అన్నాను గానీ, నా ఇష్టం ఏమిటో కూడా చెప్పాను.

*

బొమ్మ ఏం పెట్టాలన్నదాని మీద రెండు రోజులు ఇంట్లో మాటలు నడిచాయి. హుస్నా తన గ్రాఫు పుస్తకం తీసి గళ్లలో చుక్కలు పెడుతూ కూర్చుంది. ఒక గడి ఒక కుట్టు.

"నెమలి పెడదామా, మా?"

"నెమలి ఎవురన్నా పెడతారు."

"నంది?"

"నెత్తి మీద నందిని మోసుకోని తిరగమంటావా?"

లాల్ సాహెబ్ వసారాలో దూది ఆరబోస్తూ అక్కడి నుంచే అన్నాడు: "పత్తికాయ పెట్టండి. ఇన్నేండ్లు మనకు కూడు పెట్టింది అదే గదా."

హుస్నా పగిలిన పత్తికాయను పన్నెండు గళ్ల వెడల్పులో ఇరికించింది. కింద చిన్న తొడిమ, పైన నాలుగు తెల్లని రెబ్బలు. ఆకుపచ్చ నేల మీద తెల్లని పత్తి. టోపీ చుట్టూ నూట ఇరవై కుట్లు, అంటే వరసకు పది కాయలు, ఒకదాని మీద ఒకటి మూడు అంచెలు. చూస్తే చేను మాదిరే ఉంది.

పని ఇలా ఉంటుంది. నాలుగు సూదుల మీద గుండ్రంగా కుట్లు ఉంటాయి, ఐదో సూది చేతిలో ఆడుతుంది. రెండు రంగులూ చేతి వేళ్ల మీదే ఉంటాయి. బొమ్మకు తెలుపు కావలసిన చోట తెలుపు అల్లుతాం, అప్పుడు పచ్చ దారం వెనక నడుస్తుంది. పచ్చ కావలసిన చోట తెలుపు వెనక నడుస్తుంది. వెనక నడిచే దారాన్ని లాగి పట్టకూడదు. నేను మొదట అదే చేశాను. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టి, పరుపులు కుట్టే ఇంటికే వచ్చినదాన్ని. దారం కనిపిస్తే బిగించడమే చేతికి తెలుసు. నాలుగు వేళ్ల ఎత్తు అల్లాక హుస్నా తలకు పెట్టి చూస్తే, చెంబు మీద గిన్నె పెట్టినట్టు పైనే నిలబడింది.

"తలకాయ చిన్నది చేసుకుంటాలే, మా" అంది.

అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వెనక దారాన్ని వదులుగా, కొంచెం నవ్వుతున్నట్టు వంపుగా వదిలాను. అలవాటు లేని పని, ఒక్క వరసకు అరగంట పట్టేది. వంట, ఇల్లు, పెళ్లిళ్ల కాలం కాబట్టి పరుపులకు తొడిగే గలీబులు కుట్టి ఇవ్వడం, ఇవన్నీ పోను ఎంత దొరికితే అంత. వంటకు లేవాలంటే వరస ముగించి, తెల్ల ఉండను గోడ మీది కుడి మేకుకు, పచ్చ ఉండను ఎడమ మేకుకు తగిలించి లేచేదాన్ని. మసీదులో బాంగు వినబడితే మాత్రం అలా కాదు. ఉన్న కుట్టు దగ్గర ఉన్నట్టే వదిలేసి లేస్తాను. పెళ్లి కాకముందు నుంచీ అంతే. దేవుడు పిలుస్తుంటే ఇంకో పది కుట్లు అయ్యాక వస్తానని చెప్పడం నాకు చేతకాదు.

టోపీ మూడు వారాల్లో అయింది. పైన కుట్లు తగ్గించుకుంటూ వచ్చి మూసేశాను. లాల్ సాహెబ్ దాన్ని పిడికిలి మీద పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"కింద చేను బాగానే పండింది. దాని మీద చేనికి వాన తక్కువైనట్టుంది. ఆ పైన మళ్లా పండింది."

"నీకెప్పుడూ ఎకసెక్కమే" అన్నాను. ఆ మాటను అంతటితో వదిలేశాను.

*

నంద్యాల కేంద్రంలో పెద్ద గది. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నారు. కేంద్రం చూసుకునే శ్రీలత అనే అమ్మాయి, పాతికేళ్లు ఉంటాయేమో, పుస్తకంలో నా పేరు రాసుకుంది. నాగేశ్వరమ్మ టీచరు తల పూర్తిగా నెరిసింది. కళ్లద్దాలు దారంతో మెడకు వేలాడుతున్నాయి. నన్ను చూసి నవ్వలేదు, కుశలం అడగలేదు. చెయ్యి చాపింది. టోపీ ఇచ్చాను.

ముందు తిరగేసి లోపల చూసింది. వేళ్లు లోపల పెట్టి ఆడించింది. ఎక్కడా దారం వేలికి తగులుకోలేదు. తర్వాత దాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి చెయ్యంత దూరంలో పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"రహమతూ, దీన్ని ఎంతమంది అల్లినారు?"

"నేనొక్కదాన్నే, టీచర్."

"లే. ఇద్దరు. ఈ పట్టీ ఒకరు అల్లినారు, దాని మీదిది ఇంకొకరు. మళ్లా మొదటామె అల్లింది. పనికి సాయం తీసుకుంటే తీసుకున్నా అని చెప్పల్ల. అబద్ధం నాకు పడదు."

గదిలో ఉన్న ఇద్దరూ నా వైపు చూశారు. "అల్లా సాక్షి, టీచర్. ఇంకో చెయ్యి పడలే."

ఆమె నన్ను దగ్గరకు పిలిచి టోపీ నా కళ్ల ముందు పెట్టింది. దూరం నుంచి చూస్తే అప్పుడు కనిపించింది. కొన్ని వరసల్లో పత్తి తెల్లగా పగిలి పైకి తేలింది. కొన్ని వరసల్లో అదే తెలుపు లోపలికి నక్కి, పచ్చ మీదికి వచ్చింది. అక్కడ పత్తి పుచ్చిపోయినట్టుంది. అలా ఏడు పట్టీలు. మా ఆయన ఎకసెక్కానికి అన్న మాట అబద్ధం కాదు.

"రెండు దారాల్లో ఏది కింద నుంచి వస్తే దాని కుట్టు ఇసుమంత పెద్దది పడతాది. ఆ రంగే తేల్తాది. మొదట పట్టుకున్నట్టే చివరిదాకా పట్టుకుంటే ఏం కాదు. నువ్వు నడిమధ్యన మార్చినావ్. ఎందుకు మార్చినావ్?"

"మార్చలే" అన్నాను. అంటూనే పట్టీ ఎక్కడ మొదలైందో చూశాను. వరస మొదట్లో కాదు, మధ్యలో ఉంది. రెండోది కూడా మధ్యలోనే. మూడోదీ అంతే. వరస మధ్యలో నేను లేచేది ఒక్కదానికే.

"బాంగు" అన్నాను.

"ఏందీ?"

"వంటకు లేస్తే వరస ముగించి, ఏ ఉండ దాని మేకుకు పెట్టి లేస్తా, టీచర్. బాంగుకు మాత్రం ఉన్నకాడనే ఇడిసిపెట్టి లేస్తా. మళ్లా వచ్చి కూసున్నప్పుడు ఏ దారం ముందు చేతికొస్తే దాన్ని ఎత్తుకున్నట్టుండా."

ఇద్దరిలో ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. టీచరు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ వరస ముగించి పోగూడదా? దేవుడేమన్నా బస్సా, ఎల్లిపోయేదానికి?"

టోపీని మడిచి బల్ల మీద పెట్టింది.

"పని మంచిదే. పట్టీలు మంచివి కావు. నేర్పే మనిషి చేతిలో ఇది ఉండగూడదు. మళ్లా సోమవారానికి ఇంకోటి అల్లకరా. అంతకు మించి నేను ఆపలేను. దీన్ని ఈడనే పెట్టిపో."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. పొలాల్లో కంది కోతలు నడుస్తున్నాయి. ఇన్నేళ్లూ అల్లిక నా నమాజులోకి వస్తోందని భయపడుతూ వచ్చాను. నమాజు అల్లికలోకి వస్తోందని ఒక్కసారీ చూసుకోలేదు. ఏ పూట ఎక్కడ లేచానో ఆ టోపీ మీద ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. దాన్ని తప్పు అన్నారు. అల్లికలో అది తప్పే. కానీ దాన్ని చూసి సిగ్గుపడాలో లేదో నాకు తేలలేదు.

*

ఆరు రోజులు. అంచులు పోను నలభై ఐదు వరసలు. రోజుకు ఎనిమిది వరసలంటే నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ పగటి పూటే దొరకాలి. దీపం వెలుగులో పచ్చ దారం నాకు నల్లగా కనిపిస్తుంది. పగటి పూటనే జుహర్, అసర్ నమాజులు. అసర్ చదివి వచ్చి కూర్చుంటే చలికాలం పొద్దు కదా, అంతలోనే పొద్దు కుంకి మగ్రిబ్.

ఆ సాయంత్రం అన్నాను: "ఈ ఆరు రోజులు పగటి నమాజులు రాత్రికి కలిపి ఖజా చదువుకుంటే?"

లాల్ సాహెబ్ పరుపు సూదికి దారం ఎక్కిస్తున్నాడు. తల ఎత్తలేదు. "నమాజు ఎగ్గొట్టి టోపీ అల్లతావా? నమాజుకు పెట్టుకునేదే గదా టోపీ."

వేళకు చదవని నమాజు, రంజానులో పట్టని రోజా ఉపవాసం మనిషి మీద బాకీగా ఉండిపోతాయి. తర్వాత తీర్చుకుంటే అదే ఖజా. ఆ మాటంటేనే నాకు భయం. హుస్నా చంటిబిడ్డగా ఉన్న రంజానులో పాలు తగ్గుతాయని పదకొండు రోజాలు వదిలేశాను. తర్వాతి చలికాలాల్లో ఒక్కొక్కటిగా పది తీర్చాను. ఒక్కటి మిగిలింది. ఏ ఏడుకా ఏడు ఈ చలికాలం పడతాననుకుంటాను, చుట్టాలొస్తారు, జ్వరమొస్తుంది, గలీబుల పని వస్తుంది. పదిహేడేళ్లయింది. ఒక్క పూట పస్తు అంత బరువుంటుందని పట్టనివాళ్లకు తెలియదు. దాని మీద ఇంకో పన్నెండు నమాజులు ఎక్కించుకోలేను.

"పోనీ టీచరమ్మ చెప్పినట్టు వరస ముగించి లెయ్యి" అన్నాడు ఆయన. "బాంగు అయినాక మేమూ ఉరకం. కాళ్లు కడుక్కుంటా, మాట్లాడుకుంటా, పదిహేను నిమిషాలకు నిలబడతాం."

"మీకు నిలబడే టైము చెప్పేటోళ్లు ఉండారు. ఇంట్లో నాకు చెప్పేదెవురు? వరస అయిపోతానే ఇంకో వరస అంటాది చెయ్యి. నా చెయ్యి నాకు తెలుసు."

ఆయన సూది పక్కన పెట్టి లేచాడు. పరుపుల మీద అక్కడక్కడా దారం లాగి కట్టే గుండీల డబ్బా తెచ్చాడు. వెతికి వెతికి రెండు తూట్ల పెద్ద గుండీ ఒకటి తీశాడు, నల్లది. గడప రాతి మీద దాని అంచును ఒక పక్క అరగదీసి గాటు పెట్టాడు.

"తెల్ల దారం గాటు పక్క తూట్లో పోనియ్యి. పచ్చది రెండో తూట్లో. గుండీ సూదులకు జానెడు దూరంలో దారాల మీదనే జారతా ఉంటాది. లేచినప్పుడు యాడ పడేసినా సరే, వచ్చి గాటు కిందికి పెట్టుకో. కళ్లు మూసుకోని తడిమినా ఏది కింద దారమో తెలుస్తాది."

"నీకెట్ల తట్టింది ఇది?"

"పరుపు కుట్టేటోన్ని వంద మాట్లు పిలుస్తారు. నేను యాడ ఆపినానో నాకు గుర్తుండాల గదా."

మర్నాడు జుహర్ బాంగుకు మూడో వరస మధ్యలో ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు మంచం మీద జార్చి లేచాను. కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, నమాజు చదువుకుని వచ్చి కూర్చుంటే, దారాలు మంచం నులకలో చిక్కుకుని ఉన్నాయి. గుండీని పట్టుకున్నాను. గాటు బొటనవేలికి తగిలింది. కిందికి తిప్పాను. తెల్లది దాని చోటుకు అదే వచ్చింది.

ఆ ఆరు రోజులూ నమాజులో లెక్క రాలేదని చెప్పను. వచ్చింది. వచ్చినప్పుడల్లా మునుపటిలా కంగారుపడి తరమలేదు. దానంతట అది పోయింది. అది మంచిదో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం టోపీ మూసేశాను. హుస్నా వాకిట్లో తీగ మీద పెట్టి, వీధి అవతలికి పోయి నిలబడి చూసింది. ఒక కన్ను మూసి చూసింది. ఫోనులో ఫొటో తీసి చూసింది.

"అంతా ఒకే వాన, మా" అంది.

*

ఈసారి నాగేశ్వరమ్మ టీచరు కిటికీ దగ్గరకు పోయి నిలబడినప్పుడు నేనూ పక్కనే నిలబడ్డాను. పాత టోపీని, కొత్త టోపీని రెండు చేతుల్లో పట్టుకుంది. కొత్తదాని అడుగు నుంచి నడినెత్తి దాకా వేలితో ఒకసారి నిమిరింది. ముప్పై కాయలూ ఒకేలా పగిలి ఉన్నాయి.

"బాంగుకు లేచినావా?"

"లేచినా."

"వరస ముగించా?"

"లేదు, టీచర్. ఉన్నకాడనే ఇడిసిపెట్టి."

ఆమె నా మొహం వైపు చూసింది. నేను సంచిలోంచి గుండీ తీసి అరచేతిలో పెట్టాను. ఏం చేస్తుందో చెప్పాను. ఆమె దాన్ని తిప్పి చూసి, రెండు దారాలు తెప్పించి, తానే ఎక్కించుకుని, పది కుట్లు అల్లింది. పనిని కావాలనే కింద పడేసింది. మళ్లీ ఎత్తి పది కుట్లు అల్లింది. ఆమె వేళ్లు నా చిన్నప్పుడు చూసినట్టే ఉన్నాయి, చర్మం ఒక్కటే వదులైంది.

"నలభై ఏండ్లు నేర్పినా. ఎవురు ఆడికీ ఈడికీ లేసినా తిడతా వచ్చినా గానీ, ఇట్లాంటిది చెయ్యచ్చని నాకు తట్టలే" అంది. తర్వాత శ్రీలత వైపు తిరిగింది. "అమ్మాయ్, ఈ గదిలోకి ఇంకో కుర్చీ తెప్పియ్యి."

శ్రీలత పెన్ను పట్టుకుని, "మేడం, చదువు దగ్గర ఏం రాయమంటారు?" అంది.

"ఏడో తరగతి అని రాయి. ఉన్నదే గదా."

పాత టోపీ తీసుకుపోతానన్నాను. ఇవ్వలేదు. "ఇది నాకు కావాల. మొదటి రోజు దీన్నే చూపియ్యల్ల ఆడోళ్లకు. మంచిది చూస్తే ఎవురూ నేర్చుకోరు" అంది. ఆ మాటకు నేను అంతసేపూ బిగబట్టుకున్నది వదులైంది. కుర్చీ వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఇంటికి వచ్చి చెప్తే లాల్ సాహెబ్ అన్నిటికంటే ముందు గుండీ గురించి అడిగాడు. ముప్పై కావాలన్నారని చెప్పాను. ఆ రాత్రి నుంచి వారం రోజులు గడప మీద గరగర శబ్దమే. వచ్చిన ప్రతి గిరాకీకీ, "ఇది నంద్యాల్లో కాలేజీకి పోతాంది" అని చూపించేవాడు.

"కాలేజీ కాదు నాయనా, శిక్షణ కేంద్రం" అనేది హుస్నా.

"నేర్పేకాడ కాలేజీ కాకుంటే ఏంది?"

*

తరగతి జనవరి మొదటి సోమవారం మొదలైంది. ఆ రోజు తెల్లవారక ముందే లేచి సహరీ అన్నం తిని, రోజా పెట్టుకున్నాను. రంజాను ఇంకా నెలన్నర ఉంది. పొయ్యి వెలుగు చూసి ఆయన లేచి వచ్చాడు.

"ఇయ్యాలే పట్టాల్నా? ముప్పై మందితో మాట్లాడాల, నోరు ఎండుకపోతాది. రేపు పట్టుకో."

"పదిహేడేండ్లు రేపే అనుకుంటి."

ఆయన నాలుగు ఖర్జూరాలు కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టాడు. నాకు ఆ కుర్చీలో కూర్చునే మొదటి రోజున పైవాడికి ఏమీ బాకీ లేకుండా కూర్చోవాలనిపించింది. ఇది మంచి ఆలోచనో, గర్వమో. రెండూ అయి ఉండవచ్చు. పైవాడికి తెలుసు.

ముప్పై మందిలో ఆత్మకూరు అడవి పక్క చెంచుగూడెం నుంచి వచ్చిన బాలమ్మ అనే పిల్ల ఉంది. హాస్టల్లో ఉండి నేర్చుకుంటోంది. మిగతావాళ్లు గుండీలో దారం ఎక్కించుకోవడానికే తంటాలు పడుతుంటే, ఆమె అప్పటికే నాలుగు వరసలు వేసి చెయ్యి ఎత్తింది.

"టీచరమ్మా, నాది పచ్చ తేల్తాంది, తెలుపు మునిగిపోతాంది."

నేను నాగేశ్వరమ్మ టీచరు కోసం చూశాను. ఆమె మూల కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. పిలిచింది నన్నే. లేచి పోయి, బాలమ్మ చేతిలో గుండీని పట్టుకుని, గాటు కిందికి తిప్పాను.

"నడిమధ్యన యాడికన్నా లేచినావా?"

"నీళ్లకు పోయింటి."

"పో. ఎన్ని మాట్లన్నా పో. వచ్చినాక మొదట దీన్ని తడుముకో. గాటు ఎప్పుడూ కింద."

పాత టోపీని అందరికీ చూపించాను. ఏడు పట్టీలూ లెక్కపెట్టమన్నాను. ఇది ఎవరు అల్లారని ఒకామె అడిగితే, నేనే అన్నాను. ఎందుకు ఇలా అయిందో కూడా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకామె, "నేనైతే పొయ్యి మీద పాలకు లేస్తా" అంది, అప్పుడు అందరూ నవ్వారు.

పదకొండు గంటలకు టీ, లడ్లు వచ్చాయి. శ్రీలత పళ్లెం ముందు నా దగ్గరకే తెచ్చింది.

"మొదటి రోజు కదండీ, టీచర్లు ముందు తీసుకోవాలి."

"ఈరోజు వద్దమ్మా. రోజా ఉన్నా."

"రంజాన్ ఇప్పుడు కాదు కదండీ?"

"ఇది పాతది" అన్నాను.

సాయంత్రం బస్సులో సీటు దొరకలేదు. శిరివెళ్ల దగ్గరికి వచ్చేసరికి పొద్దు కుంకుతోంది. నాలుక అంగిలికి అంటుకుంది. రోజంతా మాట్లాడిన గొంతు నాది కానట్టుగా ఉంది. బస్సు స్టాండులో ఆగినప్పుడు ఒకామె దిగింది, ఆ చోట్లో కూర్చున్నాను. ఊళ్లో మసీదు నుంచి మగ్రిబ్ బాంగు మొదలైంది. సంచిలోంచి పొట్లం తీశాను. దువా చదువుకుని ఒక ఖర్జూరం నోట్లో పెట్టుకుని, సీసా ఎత్తి నీళ్లు తాగాను. పక్క సీటులో బియ్యం సంచి పట్టుకున్న ముసలామె నా వైపే చూస్తోంది.

"పొద్దన్నుంచి ఏం తిన్లేదా ఏంది తల్లీ?"

"లేదవ్వా" అన్నాను. "ఒకటి మిగిలిండె. అయిపోయింది."

ఆమె చేతిలో రెండు ఖర్జూరాలు పెట్టాను. బస్సు ఆళ్లగడ్డ వైపు కదిలింది.